ఎర్రర్ రాలేదు, కానీ ఆన్సర్ తప్పు: ఆర్‌లో బిల్టిన్ ఫంక్షన్లతో తంటాలు

పోయిన నెల నుంచి మీ దగ్గర్నుంచి ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే. మాటలు వేరు కావచ్చు, సారాంశం మాత్రం ఇది: "అన్నా, ఆర్‌లో ఈ ఫంక్షన్‌కి బగ్ ఉందా? నేను ఇచ్చింది ఒకటి, అది చెప్పింది ఒకటి."

ముందే చెప్పేస్తాను. బగ్ ఉండే ఛాన్స్ చాలా తక్కువ. శాంపిల్, మీన్, రౌండ్ లాంటి ఫంక్షన్లను ఏళ్ల తరబడి ప్రపంచమంతా వాడుతోంది. అలాగని తప్పంతా మీదే అని కూడా నేను అనను. చాలాసార్లు జరిగేది ఏంటంటే, మీరు ఒక ప్రశ్న అడిగాం అనుకుంటారు, ఫంక్షన్‌కి ఇంకో ప్రశ్న వినపడుతుంది. తనకి వినపడిన దానికి అది కరెక్ట్‌గానే జవాబు చెబుతుంది. ఎర్రర్ ఉండదు, ఎర్ర అక్షరాలు ఉండవు. చాప కింద నీరులా తప్పు నంబర్ మీ రిపోర్ట్‌లోకి వెళ్లిపోతుంది. ఎర్రర్ వచ్చి ఆగిపోయిన ప్రోగ్రామ్‌కి నేను భయపడను. నోరు మూసుకుని నడిచిపోయే ప్రోగ్రామ్ అంటేనే భయం.

ఈరోజు ఒక కేసు పట్టుకుని మాట్లాడుకుందాం. మన ఛానెల్ చూసే ఒక అమ్మాయి అగ్రికల్చర్‌లో ఎమ్మెస్సీ చేస్తోంది. థీసిస్ కోసం 12 ఊళ్లలో, ఊరికి 20 మంది చొప్పున 240 మంది వరి రైతుల దగ్గర సర్వే చేసింది. ఎకరానికి ఎన్ని బస్తాలు పండింది, తుఫానుకి పంట దెబ్బతిన్నదా లేదా, ఇలాంటి వివరాలు. రైతులకి 1 నుంచి 240 దాకా సీరియల్ నంబర్లు ఇచ్చింది. మొదటి ఊళ్లో 1 నుంచి 20, రెండో ఊళ్లో 21 నుంచి 40, అలా.

తర్వాత పని ఏంటంటే, పంట దెబ్బతిన్నదని చెప్పిన రైతుల్లో ఊరికి ఒకర్ని లాటరీ తీసినట్టు తీసి, వాళ్ల పొలం దగ్గరికి వెళ్లి వివరంగా మాట్లాడి రావాలి. దీనికి ఆర్‌లో శాంపిల్ అనే ఫంక్షన్ ఉంది. ఒక లిస్ట్ ఇచ్చి, 1 అని చెబితే అందులోంచి ఒకర్ని తీస్తుంది. ప్రతి ఊరికీ ఇదే జరిగేలా లూప్ రాసింది. 12 పేర్లు వచ్చాయి. లిస్ట్ పట్టుకుని బయల్దేరింది. ఒక ఇంటికి వెళితే ఆ రైతు, "మాకేం పంట పోలేదమ్మా, ఎవరు చెప్పారు నీకు?" అన్నాడట. అంతకన్నా విచిత్రం, ఆయన అసలు ఆ ఊరి కోటాలో ఉండాల్సిన మనిషే కాదు. పక్క ఊరాయన.

మెయిల్‌లో కోడ్ పంపింది. కోడ్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. 11 ఊళ్లలో కరెక్ట్‌గా పనిచేసింది. తేడా కొట్టింది మూడో ఊళ్లో. ఆ ఊరి నంబర్లు 41 నుంచి 60. అందులో పంట దెబ్బతిన్నదని చెప్పింది ఒకే ఒక్క రైతు, నంబర్ 57. ఒక్కడే ఉన్నాడు కాబట్టి లాటరీ తీసినా అతనే రావాలి కదా? రాలేదు.

ఎందుకంటే, శాంపిల్‌కి ఒక అలవాటు ఉంది. మీరు ఇచ్చిన లిస్ట్‌లో రెండో, మూడో, పదో నంబర్లు ఉంటే వాటిలోంచే తీస్తుంది. కానీ ఒకే ఒక్క నంబర్ ఇస్తే, అది 1 లేదా అంతకన్నా పెద్దది అయితే, దాన్ని లిస్ట్ అనుకోదు. "ఓహో, 1 నుంచి 57 వరకు ఉన్న నంబర్లలోంచి తీయమంటున్నాడు" అనుకుంటుంది. అంటే 57వ రైతు వచ్చే ఛాన్స్ 57లో ఒక వంతు. ఆ 57 నంబర్లలో 40 మొదటి రెండు ఊళ్లవే. పక్క ఊరాయన తలుపు తట్టింది అందుకే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఇది బాగా అర్థం కావాలి. లిస్ట్ ఖాళీగా ఉంటే ఏమవుతుంది? ఫంక్షన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మంచిదే, మనకి తెలుస్తుంది. లిస్ట్‌లో ఇద్దరుంటే? కరెక్ట్. ఇరవై మందున్నా కరెక్ట్. ఒక్కరుంటే మాత్రమే తప్పు, అదీ సైలెంట్‌గా. మనం టెస్ట్ చేసేటప్పుడు నలుగురైదుగురున్న లిస్ట్‌తోనే టెస్ట్ చేస్తాం కదా, ఒక్కడున్న లిస్ట్ ఎవరికి గుర్తొస్తుంది? పైగా ఆ ఒక్కడి నంబర్ 1 అయితే, 1 నుంచి 1 వరకు తీయమన్నట్టు కాబట్టి అనుకోకుండా కరెక్టే వస్తుంది. అప్పుడు తప్పు ఇంకా లోపలికి దాక్కుంటుంది.

ఇంతకీ పోయిందేంటి? ఒక నంబర్ మారింది, అంతేగా అనొచ్చు. కానీ ఆ ఊళ్లో నీళ్లలో మునిగింది ఒక్క 57వ రైతు పొలమే. లెక్క ప్రకారం ఆ ఊరి గొంతు ఆయనదే. ఆ అమ్మాయి ఇంటికి వెళ్లకుండా ఎక్సెల్ షీట్‌లోనే పని కానిచ్చేసి ఉంటే, పంట పోని మనిషి వివరాలు "దెబ్బతిన్న రైతు" అనే కాలమ్‌లో కూర్చునేవి. థీసిస్ గైడ్ గారికీ తెలిసేది కాదు, చదివేవాళ్లకీ తెలిసేది కాదు.

ఇలా ఎందుకు తయారుచేశారు అని కోపం రావచ్చు. కొంచెం చరిత్ర చెప్పాలి. ఆర్‌కి తాతలాంటి లాంగ్వేజ్ ఎస్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్, ఆయన టీమ్ మొదలుపెట్టారు. ఆ తర్వాత న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అదే దారిలో ఆర్ తయారుచేశారు. ఆర్ 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఇవన్నీ మనిషి స్క్రీన్ ముందు కూర్చుని ఒక్కో లైన్ కొట్టి, ఆన్సర్ చూసి, ఇంకో లైన్ కొట్టే పద్ధతికి అలవాటుపడ్డ లాంగ్వేజ్‌లు. అలా కూర్చున్న మనిషికి "శాంపిల్ 57" అని కొడితే 1 నుంచి 57 వరకు కలిపి ఇవ్వడం సౌకర్యం. అదే లైన్ లూప్‌లో పెడితే ఆ సౌకర్యమే గుంట అవుతుంది.

ఇదేమీ దాచిపెట్టిన రహస్యం కాదు. ఆర్‌లో ప్రశ్న గుర్తు పెట్టి పక్కన శాంపిల్ అని కొడితే హెల్ప్ పేజీ వస్తుంది. అందులో డీటెయిల్స్ అనే భాగంలో, లిస్ట్ సైజు మారుతూ ఉండే చోట ఈ సౌకర్యం మీరు అనుకోని ఫలితం ఇస్తుంది, జాగ్రత్త అని వాళ్లే రాశారు. కింద ఎగ్జాంపుల్స్‌లో దీనికి మందు కూడా ఇచ్చారు. నంబర్లను నేరుగా ఇవ్వొద్దు. లిస్ట్ పొడవు ఎంతో కనుక్కుని, శాంపిల్ డాట్ ఇంట్ అనే ఫంక్షన్‌తో ఎన్నో స్థానం కావాలో తీసి, ఆ స్థానంలో ఎవరున్నారో లిస్ట్‌లో చూడాలి. ఒక్కడే ఉంటే పొడవు 1, స్థానం 1, మనిషి 57. అయిపోయింది.

నాకైతే ఇంకో పద్ధతి ఇంకా నచ్చుతుంది. సీరియల్ నంబర్‌ని అసలు నంబర్‌గా పెట్టొద్దు, టెక్స్ట్‌గా పెట్టండి. రైతు 57ని రైతు 12తో కూడతామా? గుణిస్తామా? లేదు. అది పేరు లాంటిది. టెక్స్ట్ అయితే శాంపిల్ ఈ తెలివితేటలు చూపించదు. ఇంజినీరింగ్‌లో మాకు డేటాబేస్ క్లాసులో ఇది చెప్పారు, నాకు మాత్రం ఉద్యోగంలో చేరాకే ఒంటికి పట్టింది.

ఇప్పుడు అదే సర్వేలో రెండో ముచ్చట. ఇది చాలామందికి వచ్చేదే. ఎకరానికి బస్తాల కాలమ్‌లో 240 గడులున్నాయి. అందులో ఒక్క గడిలో ఎవరో "30 బస్తాలు" అని మాటతో సహా టైప్ చేశారు అనుకోండి. ఆర్ ఫైల్ చదివేటప్పుడు ఆ ఒక్క మాట వల్ల కాలమ్ మొత్తం టెక్స్ట్ అయిపోతుంది. పాత వెర్షన్లలో అంతటితో ఆగేది కాదు, టెక్స్ట్ కాలమ్‌ని ఫ్యాక్టర్‌గా మార్చేసేది. 2020లో వచ్చిన 4.0.0 వెర్షన్ నుంచి ఆ అలవాటు మానిపించారు. కానీ పాత కోడ్ కాపీ కొట్టేవాళ్లు, కాలేజీ ల్యాబ్‌లో పాత వెర్షన్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. కావాలని ఫ్యాక్టర్ చేసుకునేవాళ్లూ ఉన్నారు.

ఫ్యాక్టర్ అంటే ఏంటో సింపుల్‌గా చెప్తా. ఉన్న రకరకాల విలువలను వరసలో పెట్టి, ఒక్కోదానికి ఒక టోకెన్ నంబర్ ఇస్తుంది. లోపల దాచుకునేది టోకెన్లే, బయటికి చూపించేది విలువలు. ఇప్పుడు దీన్ని నంబర్‌గా మార్చడానికి యాజ్ డాట్ న్యూమరిక్ అని కొడతారు. వచ్చేది టోకెన్లు!

నలుగురు రైతులు తీసుకుందాం: 28, 35, 9, 31 బస్తాలు. నిజమైన సగటు 25.75. ఇవి టెక్స్ట్‌గా వచ్చాయి కాబట్టి వరస కూడా టెక్స్ట్ వరసే, డిక్షనరీలో లాగా మొదటి అక్షరాన్ని బట్టి: 28, 31, 35, ఆ తర్వాత 9. టోకెన్లు 28కి 1, 31కి 2, 35కి 3, 9కి 4. అందరికన్నా తక్కువ పండిన రైతుకి అన్నిటికన్నా పెద్ద నంబర్! సగటు 2.5 వస్తుంది.

2.5 బస్తాలంటే ఎవరికైనా డౌట్ వస్తుంది, దొరికిపోతుంది అంటారేమో. నలుగురికి దొరుకుతుంది. 240 మందిలో అరబస్తాలతో సహా ఒక 50 రకాల విలువలున్నాయనుకోండి. అప్పుడు టోకెన్లు 1 నుంచి 50 వరకు ఉంటాయి. వాటి సగటు ఏ 22 దగ్గరో 25 దగ్గరో వస్తుంది. ఎకరానికి 25 బస్తాలు. ఎవరైనా డౌట్ పడతారా? నాకు తెలిసి ఆర్‌లో అన్నిటికన్నా నమ్మించి మోసం చేసే తప్పు ఇదే.

మందు ఏంటంటే, ముందు యాజ్ డాట్ క్యారెక్టర్‌తో మళ్లీ టెక్స్ట్ చేసి, ఆ తర్వాత న్యూమరిక్ చేయాలి. అప్పుడు "30 బస్తాలు" అన్న గడి ఎన్ఏ అవుతుంది, అంటే విలువ లేదు అని. దాంతోపాటు ఒక వార్నింగ్ వస్తుంది. మనవాళ్లు వార్నింగ్ రాగానే దాన్ని ఎలా ఆపాలి అని గూగుల్ చేస్తారు. వద్దండీ. ఏ గడి ఎన్ఏ అయిందో వెతకండి, అక్కడే దొంగ ఉన్నాడు.

ఎన్ఏ అన్నాను కాబట్టి దాని సంగతి. ఒక్క ఎన్ఏ ఉన్నా మీన్ ఫంక్షన్ ఎన్ఏ అనే చెబుతుంది. చాలామందికి ఇది విసుగు. నాకు మాత్రం ఆర్‌లో ఇంత నిజాయితీ గల ప్రవర్తన ఇంకోటి కనపడదు. "ఒక విలువ తెలియదు కాబట్టి సగటు కూడా తెలియదు" అంటోంది, అందులో తప్పేముంది? దానికి వెంటనే ఎన్ఏ డాట్ ఆర్ఎం ఈక్వల్ టు ట్రూ అని తగిలిస్తారు. ఖాళీలను తీసేసి మిగతావాటి సగటు చెప్పమని అర్థం. టైప్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ గడులు ఎందుకు ఖాళీగా ఉన్నాయి? ఈ సర్వేలోనే పంట పూర్తిగా పోయిన కొందరు రైతులు బస్తాల దగ్గర ఏమీ రాయించలేదు. ఏం రాయిస్తారు పాపం. అది సున్నా, తెలియకపోవడం కాదు. ఆ ఖాళీలను తీసేస్తే బాగా పండినవాళ్ల సగటే మిగులుతుంది. తుఫాను నష్టం మీద రాసే థీసిస్‌లో తుఫానుకి నష్టపోయినవాళ్లే మాయమైపోతారు. ఇది ఏ ఫంక్షనూ చెప్పదు, ఫోన్ చేసి రైతుని అడగాల్సిందే.

అన్నట్టు ఎన్ఏ మీద ఒక సరదా విషయం. నమీబియా దేశానికి రెండక్షరాల కోడ్ ఎన్, ఏ. దేశాల కోడ్‌లున్న ఫైల్‌ని ఆర్‌లో మామూలుగా చదివిస్తే నమీబియా మొత్తం "విలువ లేదు" అయిపోతుంది. చదివించేటప్పుడు ఏ మాటను ఖాళీగా లెక్కపెట్టాలో చెప్పే ఆప్షన్ ఉంది, దాన్ని మార్చుకోవాలి.

ఇంకొకటి, ఇది కూడా మనిషిని మాయం చేసేదే. రెండు జిల్లాల రైతులను మాత్రమే వేరుచేయాలి. జిల్లా డబుల్ ఈక్వల్స్ సి బ్రాకెట్‌లో కృష్ణా, గుంటూరు అని రాస్తారు. చదవడానికి ఎంత బాగుంది! జిల్లా కృష్ణా లేదా గుంటూరు అయితే ఇవ్వు అన్నట్టే ఉంది. ఆర్‌కి అలా వినపడదు. ఆ రెండు పేర్లను కింది వరకు మార్చి మార్చి పరుస్తుంది. మొదటి వరసని కృష్ణాతో, రెండోదాన్ని గుంటూరుతో, మూడోదాన్ని మళ్లీ కృష్ణాతో పోలుస్తుంది. రెండో వరసలో ఉన్న కృష్ణా రైతు ఔట్. 240కి 2తో శేషం ఉండదు కాబట్టి చప్పుడు కూడా చేయదు. 241 వరసలు ఉండి ఉంటే, పొడవులు కుదరట్లేదని వార్నింగ్ ఇచ్చేది. సాధారణంగా దాదాపు సగం మంది పోతారు, మిగిలిన సగం చూడ్డానికి పర్ఫెక్ట్‌గా ఉంటారు. డబుల్ ఈక్వల్స్ బదులు రెండు పర్సెంట్ గుర్తుల మధ్య ఇన్ అని రాసే ఆపరేటర్ వాడాలి. వడపోసిన తర్వాత ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి, జిల్లాల వారీగా ముందు వేసిన లెక్కతో సరిపోవాలి.

చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తాను. మీన్ బ్రాకెట్‌లో 1, 2, 3 అని నేరుగా రాస్తే 2 రాదు, 1 వస్తుంది. సమ్ 6 ఇస్తుంది, మ్యాక్స్ 3 ఇస్తుంది, మరి మీన్‌కి ఏమైంది? మీన్ మొదటిదాన్ని మాత్రమే డేటాగా తీసుకుంటుంది. రెండోది ట్రిమ్ అనే ఆప్షన్‌లోకి, మూడోది ఎన్ఏ డాట్ ఆర్ఎంలోకి వెళ్లిపోయాయి. మూడింటినీ సి బ్రాకెట్‌లో కలిపి ఒకటిగా ఇవ్వాలి. మీడియన్‌కీ ఇదే కథ.

రౌండ్ 2.5 అంటే 2 వస్తుంది, 3 కాదు. 1.5 కూడా 2 అవుతుంది, 0.5 మాత్రం 0. సరిగ్గా సగంలో ఉంటే దగ్గరున్న సరిసంఖ్య వైపు వెళ్లడం స్టాండర్డ్ పద్ధతి. ఎప్పుడూ పైకే పంపితే పెద్ద లెక్కల్లో మొత్తం పైకి జారుతుంది. పైథాన్ 3 కూడా ఇలాగే చేస్తుంది, ఎక్సెల్‌లో రౌండ్ 3 ఇస్తుంది. ఎక్సెల్‌తో సరిచూసుకుని ఆర్ తప్పు అనేవాళ్లకి సగం కారణం ఇదే.

మిగతా సగం స్టాండర్డ్ డీవియేషన్. 2, 4, 6 ఇవ్వండి. ఆర్‌లో ఎస్‌డీ 2 అంటుంది. పైథాన్‌లో నంపై 1.63 అంటుంది. ఇద్దరూ కరెక్టే. తేడాల వర్గాల మొత్తం 8. దాన్ని ఆర్ 2తో, అంటే మొత్తం సంఖ్యలోంచి ఒకటి తీసేసి భాగిస్తుంది, నంపై మామూలుగా 3తో. అదే పైథాన్‌లో పాండాస్ వాడితే మళ్లీ ఆర్ లాగే 2 వస్తుంది, ఇది ఇంకా కామెడీ. మీ దగ్గర ఉన్నది శాంపిలా, మొత్తం జనాభానా అన్నది మీరు తేల్చుకుని, రిపోర్ట్‌లో ఏది వాడారో రాయండి.

ఇంకా పేర్ల గొడవ. లాగ్ అనే ఫంక్షన్ ఆర్‌తోపాటే వస్తుంది, డీప్లయర్ ప్యాకేజీలో ఇంకోటి ఉంది. డీప్లయర్‌ది విలువలను ఒక వరస కిందికి జరుపుతుంది. ఆర్‌తో వచ్చేది టైమ్ సిరీస్ కోసం, మామూలు కాలమ్ ఇస్తే విలువలను కదిలించదు, టైమ్ లేబుల్స్‌ని మాత్రమే మారుస్తుంది. ప్యాకేజీ లోడ్ చేయడం మర్చిపోతే నిన్నటికీ ఈరోజుకీ తేడా అన్ని వరసల్లో సున్నా! ప్యాకేజీ పేరు రాసి, రెండు కోలన్లు పెట్టి, తర్వాత ఫంక్షన్ పేరు రాస్తే ఏది కావాలో మీరే చెప్పినట్టు.

మరి అనుకోని ఆన్సర్ వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే ఫంక్షన్ జోలికి వెళ్లను, లోపలికి వెళ్తున్నది ఏంటో చూస్తాను. ఎస్‌టీఆర్ అనే ఫంక్షన్ ఉంది, స్ట్రక్చర్ అని. అది టెక్స్టా, నంబరా, ఫ్యాక్టరా, ఎంత పొడవు, అన్నీ ఒక్క లైన్‌లో చెబుతుంది. పైన చెప్పిన బస్తాల సమస్య అక్కడే పట్టుబడుతుంది. తర్వాత నోటితో లెక్క వేయగలిగినంత చిన్న డేటా తీసుకుంటాను, మూడు నాలుగు విలువలు. దాన్ని ఇంకా చిన్నది చేస్తూ పోతాను: రెండు, ఒకటి, సున్నా. శాంపిల్ దొరికేది ఒకటి దగ్గరే. అప్పటికీ అర్థం కాకపోతే హెల్ప్ పేజీ, అందులోనూ డీటెయిల్స్, వాల్యూ అనే రెండు భాగాలు. అందరూ పైనున్న యూసేజ్ చూసి మూసేస్తారు, అసలు సరుకు కింద ఉంటుంది.

కోడ్‌లో స్టాప్ ఇఫ్ నాట్ అనే ఫంక్షన్ పెట్టడం నేర్చుకోండి. ఇది నిజం కాకపోతే ఆగిపో అని అర్థం. ఆ అమ్మాయి కోడ్‌లో మేం ఒక్క లైన్ పెట్టాం: ఎంపికైన రైతు ఆ ఊరి దెబ్బతిన్న రైతుల లిస్ట్‌లో ఉండాలి, లేకపోతే ఆగిపో. పాత కోడ్ మీద ఆ లైన్ పెట్టి నడిపితే మూడో ఊరి దగ్గర ఆగింది. కొత్త కోడ్ మీద 12 ఊళ్లూ దాటింది. 57వ రైతు లిస్ట్‌లోకి వచ్చాడు, తను మళ్లీ ఆ ఊరు వెళ్లి వచ్చింది.

చివరగా, లాటరీ తీసేవాళ్లకి ఒక విషయం. సెట్ డాట్ సీడ్ పెట్టాం కాబట్టి ఎప్పుడు నడిపినా అవే పేర్లు వస్తాయి అనుకుంటారు. 2019లో 3.6.0 వెర్షన్ వచ్చినప్పుడు శాంపిల్ లోపలి పద్ధతి మార్చారు, పాత పద్ధతిలో చిన్న అసమానత ఉందని. అందుకే అదే సీడ్ పాత వెర్షన్‌లో ఒక పేర్లు, కొత్త వెర్షన్‌లో వేరే పేర్లు ఇవ్వొచ్చు. మీ గైడ్ గారి కంప్యూటర్‌లో పాతది ఉంటే గొడవే. సెషన్ ఇన్ఫో అనే ఫంక్షన్ కొట్టి, వచ్చిన వెర్షన్ వివరాలను రిజల్ట్స్ ఫైల్‌తోపాటే సేవ్ చేసి పెట్టుకోండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. తేదీలు ఇఫ్‌ఎల్స్‌లో పెడితే 19 వేల చిల్లర నంబర్లు ఎందుకు వస్తున్నాయని ఇద్దరు ముగ్గురు అడిగారు, వచ్చే ఎపిసోడ్ దాని మీదే. మీ దగ్గర ఇలాంటి వింత ఆన్సర్ ఉంటే కోడ్‌తోపాటు ఎస్‌టీఆర్ అవుట్‌పుట్ కూడా కలిపి పంపండి, స్క్రీన్‌షాట్ కాదు, టెక్స్ట్. ఉంటాను మరి, నమస్తే.